కుక్కలు, పిడుదులు, మన వలసల చరిత్ర

మన చరిత్ర రాసేటప్పుడు అడవి గురించి రాస్తాం. భూమి గురించి, పట్టాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుళ్ల గురించి రాస్తాం. గుడిసె ముందు పడుకొని రాత్రంతా కాపలా కాసిన కుక్క గురించి మాత్రం ఎవరం రాయలేదు. చెంచు వేటకు పోతే ముందు నడిచింది కుక్క. లంబాడా తాండా ఎద్దుల మీద ధాన్యం వేసుకొని దేశం తిరిగితే రాత్రి బిడారుకు కాపలా కాసింది కుక్క. వానాకాలం వచ్చిందంటే ఆ కుక్కను పీడించే పిడుదులు, ఈగలు, పేల గురించి ఈ వ్యాసం. చిన్న విషయంగా కనబడవచ్చు. కానీ పిడుదు వెంట పోతే మన వలసల చరిత్ర, మనం ఒకచోట స్థిరపడిన చరిత్ర, మన కుక్కను లెక్కలోకి తీసుకోని వైద్యం చరిత్ర మూడూ బయటపడతాయి.

మా మోతి

మా తాండా ఆత్మకూరుకు దగ్గర. నా చిన్నప్పుడు మా ఇంట్లో మోతి అనే కుక్క ఉండేది. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, దాని చెవుల నిండా పిడుదులు పట్టేవి. మా పక్క వాటిని గోమార్లు అని కూడా అంటారు. మా దాది (నాన్నమ్మ) సాయంత్రం పూట దాని తల ఒడిలో పెట్టుకొని ఒక్కొక్కటి పీకి నిప్పుల్లో వేసేది. నేను పక్కన కూర్చొని లెక్కబెట్టేవాణ్ని.

ఒక ఏడు పిడుదులు మరీ ఎక్కువ పట్టాయి. మా కాకా చూసి, "ఇట్ల ఒక్కొక్కటి పీకితే ఎన్నడు తీరుతది?" అని పత్తి చేనుకు కొట్టే పురుగుమందు నీళ్లలో కలిపి దాని ఒళ్లంతా పూశాడు. మోతి ఒళ్లు నాక్కుంది. సాయంత్రానికి నోట్లోంచి నురగ, కాళ్లు వణుకు. తెల్లారేసరికి చనిపోయింది. కాకా రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కుక్కను బతికించాలనే ఆ పని చేశాడు. ఏది పూయాలో, ఏది పూయకూడదో ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

నేను టీచరునయ్యాక కూడా ప్రతి వానాకాలం తరగతిలో ఎవరో ఒక పిల్లవాడి నోట ఇలాంటి కథే వింటున్నాను. కుక్క మారుతుంది, మందు పేరు మారుతుంది, కథ అదే. అందుకే ఈ వ్యాసం రాయాలనుకున్నాను.

కదిలే ఊరు, కదలని ఊరు

తాండా అనే మాటకు ఈ రోజు మనం ఊరు అనే అర్థం చెప్పుకుంటున్నాం. ఒకప్పుడు తాండా అంటే కదిలే బిడారు. 17వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని పోయే బంజారాల బిడారులను చూసి రాశాడు. మొగలు సైన్యాలకూ దక్కను సైన్యాలకూ తిండిగింజలు మోసింది వాళ్లే. రాత్రి మజిలీలో బస్తాలకు, ఎద్దులకు, పిల్లలకు కాపలా కుక్కలదే. 19వ శతాబ్దపు ఇంగ్లిషు పుస్తకాల్లో "బ్రింజారీ కుక్క" అని ఒక జాతి పేరే కనబడుతుంది. బ్రింజారీ అంటే బంజారానే. మన మనుషుల పేర్లు ఆ పుస్తకాల్లో లేవు గాని, మన కుక్కకు మన జాతి పేరు పెట్టి రాసుకున్నారు.

తర్వాత రోడ్లు వచ్చాయి, రైళ్లు వచ్చాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. ఎద్దు మోసే ఉప్పును రైలు మోయడం మొదలుపెట్టింది. అటు బ్రిటిషు ఇండియాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టం తిరిగే జాతులన్నిటినీ అనుమానంగా చూడడం నేర్పింది. బిడారు బతుకు పోయింది. తాండా ఒకచోట దిగి, గుట్ట పక్కనో చెరువు పక్కనో గోడలు కట్టుకుంది. అప్పటి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల పల్లెల చుట్టూ ఈనాడు కనబడే తాండాలకు ఇదే వెనుకటి కథ.

మనకు తూర్పున, నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల కథ వేరు. 1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ అక్కడి చెంచు పెంటల్లో ఉండి పరిశోధన చేశాడు. 1943లో అచ్చయిన ఆయన పుస్తకం చెంచుల మీద వచ్చిన మొదటి పెద్ద గ్రంథం. గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, విల్లంబులతో వేట, కాలాన్ని బట్టి నీళ్లున్న చోటుకు గుడిసె మార్చడం, ఇదీ అప్పటి చెంచు బతుకు. వేటలో వాళ్లకు తోడు కుక్క.

ఇప్పుడు పిడుదు దగ్గరికి వద్దాం. కుక్కను పట్టే గోధుమరంగు పిడుదు బతుకు నాలుగు దశల్లో నడుస్తుంది. గుడ్డు, ఆరు కాళ్ల పిల్ల, ఎనిమిది కాళ్ల చిన్న పిడుదు, ఎనిమిది కాళ్ల పెద్ద పిడుదు. గుడ్డు దాటిన ప్రతి దశలో కుక్కను పట్టి రక్తం తాగుతుంది, నిండగానే రాలిపోతుంది. రాలినది నేల మీద ఉండదు. గోడ పగుళ్లలోకి, తలుపు చట్రం సందుల్లోకి, పైకప్పు వాసాల్లోకి పాకుతుంది. అక్కడే తొడుగు విడిచి తర్వాతి దశకు వస్తుంది. ఆడ పిడుదు అక్కడే వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. రక్తం లేకుండా నెలల తరబడి ఆ పగుళ్లలో కాచుకొని ఉండగలదు. అంటే మన కంటికి కుక్క మీద కనబడేవి కొన్నే. మిగతావన్నీ ఇంట్లో, గోడలో ఉంటాయి.

దీన్ని పట్టి ఆలోచిస్తే నాకు ఒకటి తోస్తుంది. బిడారు కదిలిపోయినప్పుడు, చెంచు గుడిసె వదిలి ఇంకో నీటి చోటుకు పోయినప్పుడు, రాలిన పిడుదులు వెనుకే ఉండిపోతాయి. కుక్క ముందుకు పోతుంది. మళ్లీ అదే చోటికి వచ్చేసరికి నెలలు గడుస్తాయి, చాలా పిడుదులు ఆకలికి చస్తాయి. మన పెద్దలు పిడుదుల కోసం కదల్లేదు, బతుకు కోసం కదిలారు. కానీ ఆ కదలికే కుక్కకు కొంత వైద్యం చేసింది. గోడలు కట్టుకొని ఒకచోట కూర్చున్నాక ఆ మేలు పోయింది. కుక్క అదే అరుగు మీద, అదే పగుళ్ల గోడ పక్కన ఏడాది పొడుగునా పడుకుంటుంది. పిడుదుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆడవాళ్లు పండుగ పండుగకు గోడలకు మట్టి మెత్తి, పేడతో అలికి, సున్నం వేసేవారు. అది అందం కోసమే అనుకున్నాం. పగుళ్లు మూసుకుపోతే పిడుదుకు ఇల్లు దొరకదు. సిమెంటు గోడ వచ్చాక అలుకు మానేశాం, సిమెంటు పగిలితే మాత్రం పూడ్చడం లేదు.

ముందు చెప్పింది పశువుల కాపరులు

పిడుదు వల్ల జబ్బు వస్తుందని శాస్త్రవేత్తలకు ఎప్పుడు తెలిసింది? అమెరికాలో టెక్సాస్ నుంచి వచ్చిన పశువుల వల్ల మిగతా పశువులు జ్వరంతో చచ్చేవి. పిడుదుల వల్లే అని అక్కడి పశువుల కాపరులు, రైతులు ముందే అనేవారు. చదువుకున్నవాళ్లు నవ్వారు. 1893లో స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలు చేసి కాపరుల మాటే నిజమని రుజువు చేశారు. ఒక చిన్న పురుగు ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు జ్వరాన్ని మోస్తుందని రుజువైన తొలి సందర్భాల్లో అది ఒకటి.

నాలుగేళ్ల తర్వాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1901లో దక్షిణాఫ్రికాలో లౌన్స్‌బరీ కుక్కల కామెర్ల జ్వరం పిడుదుల ద్వారా వస్తుందని తేల్చాడు. 1907లో మద్రాసులో పనిచేస్తున్న క్రిస్టఫర్స్, ఆ జ్వరపు క్రిమి పిడుదు ఒంట్లో ఎలా పెరుగుతుందో వివరంగా రాశాడు. ఆ క్రిమి కుక్క ఎర్ర రక్తకణాల్లో చేరి వాటిని పగలగొడుతుంది. అందుకే చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగుకు మారుతుంది.

1910లో మళ్లీ మద్రాసులోనే పాటన్ అనే డాక్టరు ఇంకో కొత్త క్రిమిని గుర్తించాడు. ఎక్కడ గుర్తించాడన్నది మనకు ముఖ్యం. మద్రాసులో ఇంగ్లిషు దొరలకు "మద్రాస్ హంట్" అనే వేట క్లబ్బు ఉండేది. వాళ్లు పెంచుకున్న వేటకుక్కల రక్తంలో అది కనబడింది. తర్వాత నక్క రక్తంలోనూ కనబడింది. ఈనాటికీ మన దేశంలో కుక్కలకు పిడుదుల ద్వారా వచ్చే ముఖ్యమైన జ్వరాల్లో ఆ క్రిమి తెచ్చేది ఒకటి.

దొరల వేటకుక్కకు జబ్బు చేస్తే రక్తం తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు, జబ్బుకు పేరు పెట్టారు. అదే కాలంలో నల్లమలలో చెంచు వేటకుక్క అదే నక్కలు తిరిగే అడవిలో, అవే పిడుదుల మధ్య తిరిగింది. అది చనిపోతే గుడిసె వెనుక గుంట తవ్వారు, అంతే. ఆ జ్వరం మన కుక్కలకు కొత్తగా రాలేదు. దాని పేరు మన దాకా రాలేదు.

లెక్కలోకి రాని కుక్క

ప్రభుత్వ పశువైద్యం కుక్క కోసం పుట్టలేదు. 1889లో పుణేలో మొదలై 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వరానికి మారిన పశు పరిశోధనశాల, పెద్దరోగం లాంటి పశువుల అంటువ్యాధులను ఆపడానికి పుట్టింది. ఎద్దు దున్నుతుంది, బర్రె పాలిస్తుంది, పన్ను వాటి మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి పెద్దరోగం మీద దేశమంతా పోరాడింది. 2011లో ఆ రోగం ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. అది మనుషులు సాధించిన గొప్ప విజయం. హైదరాబాదులో పశువైద్య కళాశాల 1946లో వచ్చింది. అప్పటి నుంచి ఎంతోమంది డాక్టర్లు మన పల్లెలకు వచ్చారు.

అయినా తాండాలో టీకాల రోజు అంటే బర్రెలనూ మేకలనూ తోలుకుపోతాం. కుక్కను తీసుకుపోవాలన్న ఆలోచన మనకే రాదు. పట్నంలో గొలుసు కట్టిన కుక్కకు డాక్టరు ఉంటాడు, మన కుక్కకు ఎందుకు ఉండడు? అడగాల్సింది ముందు మనమే. పశువుల ఆస్పత్రిలో కుక్కకు కూడా చూస్తారు. తీసుకుపోతేనే కదా చూసేది.

గుర్తుపట్టడం

పెబ్బేరు సంత నుంచి కొత్త పశువును తోలుకొచ్చినప్పుడు దాని ఒళ్లు చూస్తాం కదా, కుక్క ఒళ్లు కూడా అలాగే చూడాలి. రోహిణి కార్తె చివర నుంచి దీపావళి దాకా రెండు రోజులకు ఒకసారి చూడటం మంచిది.

పిడుదులు: చెవి లోపల, చెవి వెనుక, మెడ చుట్టూ, కాలివేళ్ల సందుల్లో, చంకల్లో, తోక కింద. చిన్నవి నువ్వుగింజంత, రక్తం తాగిన ఆడది ఉడికిన శనగగింజంత ఉంటుంది.

దుమికే పేలు: కుక్క తోక మొదట్లో, నడుము మీద ఎక్కువ గోక్కుంటుంది, కొరుక్కుంటుంది. వెంట్రుకల్లో మిరియపు పొడిలాంటి నల్లటి నలుసులు కనబడతాయి. తడిగుడ్డ మీద వేసి నలిపితే ఎర్రబడితే అవి పేలు తాగి విసర్జించిన రక్తమే. ఈ పేలను కుక్క మింగితే కడుపులో బద్దెపురుగు కూడా వస్తుంది.

ఈగలు: వానాకాలంలో కుట్టే ఈగలు చెవి కొనలను కొరికి పుండు చేస్తాయి. చెవి కొనల మీద నల్లటి చెక్కు కట్టి, దులపరించినప్పుడు రక్తం చిమ్మితే అది ఈగల పనే. మామూలు ఈగలు ఆ పుండు మీద వాలి గుడ్లు పెడితే పురుగులు పడతాయి.

తేనెటీగ, కందిరీగ: మూతి, కన్ను ఒక్కసారిగా వాచిపోతుంది. కొంచెం వాపు తగ్గిపోతుంది. ఊపిరి కష్టమైతే, కుక్క కూలబడితే ఆలస్యం చేయవద్దు.

జ్వరం లక్షణాలు వేరే చూసుకోవాలి. తిండి మానేయడం, పడుకొని లేవకపోవడం, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోవడం లేదా పచ్చబడటం, మూత్రం డికాక్షన్ రంగులో రావడం, ముక్కు నుంచి రక్తం. వీటిలో ఏది కనబడినా పిడుదులు పీకితే సరిపోదు. రక్త పరీక్ష కావాలి, డాక్టరు మందు కావాలి. ఒక్కో క్రిమికి ఒక్కో మందు ఉంటుంది కాబట్టి పక్కింటి కుక్కకు రాసిన మందు మన కుక్కకు వేయకూడదు. పుట్టినప్పటి నుంచి పిడుదుల మధ్య పెరిగిన నాటు కుక్క కొంత తట్టుకుంటుంది. పిల్లలు, బక్కచిక్కినవి, ఈనినవి తట్టుకోలేవు.

చేయవలసింది, చేయకూడనిది

పిడుదును చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని నిదానంగా తిన్నగా లాగాలి. వేళ్లతోనే తీయాల్సి వస్తే గుడ్డ గానీ ప్లాస్టిక్ కవరు గానీ చుట్టుకోవాలి. గోళ్లతో చిదమకూడదు. దాని రక్తంలోని క్రిములు మన చేతి పుండ్లలో పడతాయి. తీసినవాటిని సబ్బునీళ్లలో వేసి మూత పెట్టాలి. చివరికి చేతులు కడుక్కోవాలి. మా దాది ఒక్కొక్కటి తీసి నిప్పుల్లో వేసిన పద్ధతిలో ఓపిక ఉంది. ఆ ఓపికను ఉంచుకుందాం, చిదిమే అలవాటును వదులుకుందాం.

చెవి కొనల పుండును ఉప్పునీళ్లతో కడిగి, ఈగలు వాలకుండా వేపనూనె పలుచగా రాయవచ్చు. పురుగులు పడ్డ పుండుకు సీతాఫలం ఆకు నూరి కట్టడం మన పాలమూరు పక్క పాత వైద్యం. ఆకు వరకు సరే గాని, సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. దాన్ని ముఖం దగ్గరికి తేవద్దు. పుండు లోతుగా ఉంటే డాక్టరుకే చూపాలి.

పంటకు కొట్టే పురుగుమందు, కిరోసిన్, బండి ఇంజిన్ ఆయిల్, ఇవి ఏవీ కుక్క ఒంటికి తాకరాదు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది. చర్మం కూడా విషాన్ని పీలుస్తుంది. పశువుల మీద కొట్టే డెల్టామెత్రిన్, అమిట్రాజ్ లాంటి మందులను పశువుల లెక్కలో కలిపి కుక్కకు పూయకూడదు. కుక్కకు ఎంత కలపాలో, అసలు పూయవచ్చో లేదో డాక్టరు చెప్పాలి. పాలు తాగే పిల్లలకు ఏ మందూ పూయవద్దు, చేత్తో తీయడమే మేలు. జ్వరమని మనుషుల పారాసిటమాల్ మాత్ర వేయడం కూడా ప్రమాదం.

ఇంటి పని మరువకూడదు. కుక్క పడుకునే చోట గోనెసంచిని వారానికోసారి మరిగే నీళ్లలో వేసి ఎండబెట్టాలి. గోడ పగుళ్లను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చాలి. చుట్టూ పిచ్చిగడ్డి కోయాలి. ఒక్క ఇల్లు చేస్తే లాభం తక్కువ. తాండా అంతా ఒకే వారం చేస్తే ఫలితం ఉంటుంది.

ఎందుకు పట్టించుకోవాలి

కుక్క కోసం ఇంత చేయాలా అని ఎవరైనా అడగవచ్చు. 1957లో మన పక్క కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడ్డాయి. ఆ వెంటనే అడవికి పోయివచ్చే మనుషులకు జ్వరం పట్టింది, ప్రాణాలు పోయాయి. ఆ జ్వరాన్ని మోసింది అడవి పిడుదే. ఈ రోజు దాన్ని క్యాసనూరు అడవి జ్వరం అంటున్నారు. అది కుక్కల జబ్బు కాదు, మన దగ్గరి పిడుదు కూడా అది కాదు. కానీ పాఠం ఒకటే. జంతువుకు జరిగేది ముందు చూసేది అడవి దగ్గర బతికేవాళ్లే. చూసినదాన్ని చెప్పగలిగితే, రాయగలిగితే మనుషుల ప్రాణాలు కూడా నిలబడతాయి.

టెక్సాస్ కాపరులు చూశారు, చెప్పారు, వాళ్ల పేర్లు పుస్తకాల్లో లేవు. మన పెద్దలు కూడా చూశారు. ఏ కార్తెలో పిడుదు లేస్తుందో, ఏ పొదలో ఎక్కువో, ఏ ఆకుకు పోతుందో వాళ్లకు తెలుసు. అదంతా నోటి మాటగానే ఉంది.

అందుకే టీచర్లకు ఒక మాట. ఈ వానాకాలం పిల్లలతో ఒక నోటుబుక్కు పెట్టించండి. తాండాలో, పెంటలో ఎన్ని కుక్కలున్నాయి, ఏ తేదీన మొదటి పిడుదు కనబడింది, ఏ కుక్క తిండి మానేసింది, ఏ ముసలమ్మ ఏం వైద్యం చెప్పింది, దానికి ఫలితం ఏమైంది, ఇవన్నీ రాయించండి. ఆ నోటుబుక్కు ఒక కాపీ దగ్గరలోని పశువుల డాక్టరుకు ఇవ్వండి. రేబిస్ టీకా శిబిరం పెట్టినప్పుడు తాండా కుక్కలను కూడా తీసుకుపోండి.

యువకులకు ఇంకో మాట. ఇంట్లో దాదో అవ్వో కుక్క తల ఒడిలో పెట్టుకొని కూర్చుంటే పక్కన కూర్చోండి. ఏం చేస్తుందో చూడండి, ఎందుకు చేస్తుందో అడగండి. మోతి చనిపోయిన రోజు మా కాకాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పగలిగినవాళ్లం మనం ఉన్నాం.